కారణం లేదట

పదకొండు దాటింది. లేచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆయన "మళ్ళీ స్కూలేనా?" అని అటు తిరిగి పడుకున్నారు. అవును, స్కూలే. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు క్లాసులో సహాయకురాలిని కదా. గొడవేమీ జరగలేదు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు, అంటే ఒకటి అన్నారు కానీ దాని సంగతి తర్వాత. ఒక కాగితం మీద, ఒక గడిలో, ఎవరో రాసిన రెండు మాటలు సాయంత్రం నుంచి చెప్పులో రాయిలా గుచ్చుతున్నాయి. "కారణం లేదు."

మా క్లాసు టీచరు సెలవులో ఉన్నారు. ఆవిడ బదులు వేరొక టీచరు వచ్చారు. నేను పక్క గదిలో పెద్ద పిల్లల దగ్గర ఉన్నప్పుడు, కొత్తగా చేరిన పిల్లవాడు (బూట్ల లేసుల పిల్లవాడు, వాడి గురించి ఇంతకుముందు రాశాను) నోటుపుస్తకం చింపి, బల్లను తన్ని, తన చెయ్యి తానే కొరుక్కున్నాడు. నేను వెళ్ళేసరికి అంతా సద్దుమణిగింది. షీటు కూడా నింపేసి ఉంది.

మేము దాన్ని ఏబీసీ షీటు అంటాం. మూడు గడులు. ముందు ఏమి జరిగింది, పిల్లవాడు ఏమి చేశాడు, తర్వాత ఏమి జరిగింది. మధ్య గడిలో ఆ కొత్త టీచరు అక్షరాలు కిక్కిరిసిపోయాయి: మొండిగా, కావాలని, అందరి ముందూ. మూడో గడిలో "ఆట సమయం రద్దు". మొదటి గడిలో ఆ రెండు మాటలు.

అసలు ఆ గడి కారణం అడగనే అడగదు! అది అడిగేది ముందు ఏమి జరిగిందని. పక్కవాడు లేచాడా, ఎవరైనా తలుపు తీశారా, పుస్తకం తియ్యమని చెప్పారా, చెప్పి ఎంతసేపయింది. గదిలో ఒక కెమెరా ఉంటే దానికి కనిపించేది, వినిపించేది రాస్తే చాలు. కెమెరాకు మొండితనం కనిపించదు. "కావాలని" అసలే కనిపించదు. నోటుపుస్తకం చిరగడం కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు మొట్టమొదట నేర్పేది ఇదే. ఆవిడకు ఎవరూ నేర్పి ఉండరు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఏమీ తెలియనప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు కదా. ఖాళీ గడిని చూస్తే ఎవరికో ఒకరికి అనుమానం వస్తుంది, వెతుకుతారు. "లేదు" అని నింపేస్తే ఇక వెతికే పని లేదు.

ఆవిడ అన్న ఆ ఒక్క మాట: "మీరు వాడి పక్కనే ఉంటే ఇది జరిగేది కాదు." నేను ఎప్పుడూ రెండు బల్లల వెనక కూర్చుంటానని ఎవరో చెప్పారట. అవును, కూర్చుంటాను. అది బద్ధకం కాదు. మైకేల్ జియాంగ్రెకో అనే ఆయన, ఆయనతో పనిచేసినవాళ్ళు 1997లోనే ఒక పరిశోధనలో ఈ సంగతి తేల్చి చెప్పారు: సహాయకులు పిల్లవాడికి అస్తమానం అతుక్కుని ఉంటే తోటిపిల్లలు వాడి దగ్గరకు రారు, క్లాసు టీచరు కూడా వాడిని తన పిల్లవాడిగా చూడటం మానేస్తారు, వాడేమో ప్రతి చిన్న పనికీ పెద్దల మొహం చూడటం అలవాటు చేసుకుంటాడు. నా పని నేను అక్కర్లేకుండా చేసుకోవడం. ఇది బయటివాళ్ళకు చెబితే "మరి జీతం ఎందుకు?" అన్నట్టు చూస్తారు. మా ఇంట్లోనే చూస్తారు.

గడియారం పిల్లవాడి గురించి ఇక్కడ ఎప్పుడైనా రాశానా? రాసి ఉంటే మళ్ళీ భరించండి.

వాడికి మాటలు లేవు. గోడ గడియారం చూడటం మాత్రం బాగా వచ్చు. ఉన్నట్టుండి చెవులు మూసుకుని బల్ల కిందకు దూరేవాడు. ఎవరైనా దగ్గరకు వెళితే తోసేసేవాడు. లెక్కల క్లాసులో మొదలైంది కాబట్టి అందరం లెక్కలనే అనుమానించాం. మా పుస్తకాల ప్రకారం ఇలాంటి ప్రవర్తన వెనక నాలుగు ప్రయోజనాలు ఉంటాయి: ఎవరైనా తనను పట్టించుకోవాలని, ఇష్టం లేని పని తప్పించుకోవాలని, ఏదైనా వస్తువు కావాలని, లేదా ఒంటికి ఆ పని హాయిగా ఉందని. వీడిది తప్పించుకోవడమే అని నిర్ణయించేసి, లెక్కలు సులువు చేశాం, మధ్యలో విరామం పెట్టాం, అయిదు టోకెన్లకు ఒక బహుమతి పెట్టాం. కొన్నాళ్ళు బాగానే ఉన్నట్టు అనిపించింది. తర్వాత బొమ్మలు గీసే క్లాసులో బల్ల కిందకు వెళ్ళిపోయాడు. బొమ్మలంటే ప్రాణం వాడికి. రంగుల పెన్సిల్ చేతిలో పట్టుకునే దూరాడు.

అప్పటి మా స్పెషల్ ఎడ్యుకేటర్ ఒక పని చెప్పారు. ఎందుకు అనే ప్రశ్న పక్కన పెట్టండి, ఎప్పుడు అనేది మాత్రం రాయండి అన్నారు. ఒక కాగితం మీద పైన తేదీలు, పక్కన సమయం, మధ్యలో చిన్న చిన్న గడులు. సంఘటన జరిగిన గడికి నలుపు పూయడమే మా పని. పాల్ టచెట్, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన పద్ధతి అది. నాకు అప్పుడు చిరాకే వేసింది, ఇంకొక కాగితమా అని. తేదీలు నిండుతున్నకొద్దీ నల్ల గడులన్నీ అడ్డంగా కొన్ని వరుసల్లోనే చేరుతున్నాయని తెలిసింది. ప్రతిసారీ గంట నిండటానికి కొద్దిగా ముందు. మా పీరియడ్లు నలభై నిమిషాలవి కాబట్టి గంట నిండే క్షణం ఒకసారి లెక్కల్లో పడుతుంది, ఒకసారి బొమ్మల్లో పడుతుంది. మేము పీరియడ్ల వెంట పడ్డాం, వాడు గడియారం చూస్తున్నాడు.

సరే, గంట నిండితే ఏమవుతుంది? ఏమీ కాదు. బెల్లు మోగదు, ఎవరూ రారు. పిల్లలు మైదానానికి వెళ్ళినప్పుడు మేమిద్దరం ఖాళీ గదిలో కూర్చుని విన్నాం. గంట నిండగానే అలమారాలోంచి కీచుమని రెండు చిన్న శబ్దాలు. వెనకటికెప్పుడో ఏ పిల్లవాడి దగ్గరో లాక్కుని పెట్టిన డిజిటల్ చేతి గడియారం. డస్టర్ల వెనక పడి ఉంది. ముప్ఫై మంది గోలలో ఆ శబ్దం మా ఎవరి చెవికీ చేరలేదు. వాడికి చేరింది. శబ్దం కంటే దాని కోసం ఎదురుచూడటమే వాడికి నరకం, అందుకే ముందే దూరేవాడు. బ్యాటరీ తీసేశాం. వెంటనే ఏమీ మారలేదు, వాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? గంట నిండటానికి ముందు మామూలుగానే దూరాడు, చెవులు మూసుకున్నాడు, ఏమీ వినిపించక మమ్మల్ని అనుమానంగా చూశాడు. ఆ వరుసలు తెల్లబడటానికి చాలా రోజులు పట్టింది. మిగతా గొడవలు మిగతావే, అవి అలాగే ఉన్నాయి.

అన్నట్టు 1985లో ఏ గాలి వీచిందో గాని, కార్, డురాండ్ అనే ఇద్దరు కూడా ఆ సంవత్సరమే పిల్లలకు సహాయం అడగడం నేర్పితే గోల తగ్గుతుందని చూపించారు. బొమ్మల కార్డులతో అడిగే పెక్స్ పద్ధతి పుట్టిందీ ఆ సంవత్సరమే. నా ఉద్యోగంలో సగం ఆ సంవత్సరం పెట్టిన భిక్షే.

కాబట్టి "కారణం లేదు" అని ఎవరైనా రాస్తే నాకు ఆ అలమారా గుర్తొస్తుంది. ఒళ్ళు మండుతుంది.

ఇక్కడిదాకా రాసి మంచినీళ్ళకు లేచాను. అత్తయ్య సంగతి గుర్తొచ్చింది. సాయంత్రం నుంచి ఆవిడ ముభావంగా ఉన్నారు. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడుకు ఆయన టీవీ ముందు నుంచి తల తిప్పి చూశారు. "ఏమైంది అత్తయ్యా?" అంటే "ఏమీ లేదమ్మా" అన్నారు. అంతే, అందరం ఊరుకున్నాం. ఎవరూ షీటు తీయలేదు. మూత పెట్టడానికి ముందు గదిలో ఎవరున్నారు, ఎంతసేపు కొనసాగింది, అది ఏ ప్రయోజనం కోసం అని లెక్క వేయలేదు. ఆవిడ సీరియల్ రద్దు చేయలేదు.

బూట్ల లేసుల పిల్లవాడికి ఈ సౌకర్యం లేదు. వాడు మొహం ముడుచుకుంటే ఒక నమోదు. పెన్సిల్ గిరాటు వేస్తే ఒక నమోదు, దానికొక కారణం, దానికొక పథకం. ఊరికే మనసు బాగాలేని రోజు వాడికి ఉండకూడదా? నాలుగు ప్రయోజనాల్లో దిగులు అనేది ఎక్కడుంది? డేమియన్ మిల్టన్ అనే ఆటిజం ఉన్న పరిశోధకుడు 2012లో ఒక మాట లేవనెత్తారు: అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపే లేదు, ఆటిజం ఉన్నవాళ్ళకు మనం ఎంత అర్థం కామో మనకు వాళ్ళూ అంతే అర్థం కారు అని. మేము మాత్రం ఆ తేడా అంతటినీ వాడి పేరు మీద ఉన్న ఫైలులోనే పెడతాం. ఇలా ఆలోచిస్తే ఆ రెండు మాటల్లో తెలియకుండానే కాస్త మర్యాద ఉందేమో అనిపించింది. మూత సంగతి మేము అడగనట్టే, ఆ టీచరు వాడిని తవ్వలేదు.

కాసేపు అలా అనుకున్నాను. మళ్ళీ మూడో గడి గుర్తొచ్చింది. కారణం లేకుండా మనసు బాగాలేని పిల్లవాడికి ఆట సమయం తీసేయడం ఏ మర్యాద? అసలు కారణం లేదంటే తప్పు పూర్తిగా వాడిదే అయిపోతుంది. మొదటి గడి ఆవిడకు ఆ అనుమతి ఇచ్చింది. లేదు, నా కోపం సరైనదే.

ఇది రాస్తూ ఉండగా ఇంకొకటి తట్టింది. కాగితం మీది సంగతి సాయంత్రం కంప్యూటర్‌లో ఎక్కించాలి కదా. అందులో మొదటి గడి పక్కన ఎర్ర చుక్క ఉంటుంది. అది నింపకపోతే ముందుకు పోనివ్వదు. ఖాళీగా వదలడం కుదరనే కుదరదు! నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను దాని మీద. ఆవిడకు ఎవరో ఆ ముక్క చెప్పే ఉంటారు, గడులన్నీ నింపండి అని. అంటే ఖాళీ గడి మీద నేను ఇంతసేపు చేసిన ఉపన్యాసం ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళకు చెప్పుకోవాలి. వాళ్ళు ఏనాడైనా ఒక క్లాసులో కూర్చున్నారా అని నాకు పాత అనుమానం.

మంచి సంగతి ఒకటి ఉంది, రాయకుండా పడుకుంటే బాగుండదు. కిటికీ పక్క పిల్ల ఇవాళ తన బ్రేక్ కార్డు (కాసేపు విరామం కావాలని అడిగే కార్డు) తానే తీసింది. ఆ కార్డు ఎన్నాళ్ళుగా బల్లకు అంటించి ఉందో మీకు తెలుసు. మొదట్లో చెయ్యి పట్టి తీయించేవాళ్ళం, తర్వాత వేలితో చూపించేవాళ్ళం, తర్వాత ఊరికే చూసి ఆగేవాళ్ళం. ఇవాళ ఎవరూ చూడలేదు. తీసి, నేరుగా వెళ్ళి, ఆ కొత్త టీచరు చేతిలోనే పెట్టింది. ఆవిడ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, చదివి, "సరే, వెళ్ళమ్మా" అన్నారట. పిల్ల మూలకు వెళ్ళి ఇసుక గడియారం తిప్పుకుని కూర్చుంది. అదే సమయంలో పైనుంచి తనిఖీకి వచ్చినాయన గుమ్మంలో నిలబడి, ఆ పిల్ల పని చేయకుండా కూర్చుందేమిటని అడిగారు. నేను నోరు తెరిచేలోపే టీచరే చెప్పారు: "ఆ అమ్మాయికి ఇంకా ఒక నిమిషం ఉందండీ."

రేపు కూడా ఆవిడే వస్తారట. ఆట సమయం సంగతి మాత్రం అడిగి తీరతాను.