తంగేడు సారానికి బ్యాక్టీరియా పరీక్ష: నా అనుభవం

తంగేడు మీద పని చేస్తానన్నప్పుడు మా గైడ్ గారు మొదట అడిగింది ఒక్కటే, "మరి టానిన్ల సంగతేమిటమ్మా?" అని. ఒకప్పుడు తోళ్లు పదును చేయడానికి తంగేడు చెక్క వాడేవారు. అందులోని వగరు పదార్థాలే టానిన్లు. తోలులోని ప్రోటీన్లను పట్టుకునే టానిన్లు బ్యాక్టీరియా ప్రోటీన్లనూ వదలవు. బతుకమ్మ పువ్వు కదా, ఏదో కొత్త మందు బయటపడాలని ల్యాబులో అందరికీ ఆశ. ఆయనకు మాత్రం, బ్యాక్టీరియాను ఆపేది కొత్త మందేమీ కాదు, ఆ టానిన్లేనేమో అని అనుమానం.

నల్గొండలో తంగేడుకు కొదవా? పానగల్లు దారి పక్కనే ఆకు కోసుకొచ్చాను. నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, హెక్సేన్, ఇథైల్ అసిటేట్, మిథనాల్ అనే ద్రావణులతో వరుసగా సారం తీశాను. అదంతా ఓపిక పని.

బ్యాక్టీరియా పెంచే జెల్లీ లాంటి ముల్లర్-హింటన్ అగార్ మీద, చీము పుండ్లు తెచ్చే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాను దూదిపుల్లతో పరిచి, గుంతల్లో సారాలు పోసి, 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచాను. తెల్లారేసరికి మిథనాల్ సారం చుట్టూ బ్యాక్టీరియా పెరగని తేటైన వలయం ఏర్పడింది. సారాన్ని కరిగించిన డీఎంఎస్‌ఓ ఒక్కటే పోసిన గుంత చుట్టూ ఏమీ లేదు. అంటే పని చేసింది ద్రావణి కాదు, సారమే. నాకు అసలు ధైర్యమిచ్చింది ఆ గుంతే. ఈ.కోలై అనే మరో బ్యాక్టీరియా ప్లేటులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. దాని బయటి పొర చాలా పదార్థాలను లోపలికి రానివ్వదు.

వలయం వెడల్పు చూసి మందు బలం తేల్చేస్తే నాకు చిరాకు. అగార్‌లో నెమ్మదిగా పాకే పదార్థానికి బలమున్నా వలయం చిన్నగానే వస్తుంది. అందుకే ఎంఐసీ (కనిష్ఠ నిరోధక మోతాదు) పరీక్ష పెట్టాను. 96 గుంతల ప్లేటులో సారాన్ని సగానికి సగం పలచన చేస్తూ పోయి, బ్యాక్టీరియాను పెరగనివ్వని కనిష్ఠ మోతాదు పట్టుకోవాలి. మా సారమే ముదురు గోధుమ రంగు, ఇక అందులో బ్యాక్టీరియా పెరిగితే వచ్చే మసక కంటికేం తెలుస్తుంది? రెసాజురిన్ అనే నీలి రంగు వేస్తే బ్యాక్టీరియా బతికున్న గుంతల్లో నీలం గులాబీగా మారుతుంది.

తర్వాత అదే సారంలో టానిన్లను పట్టుకునే పీవీపీపీ అనే పొడి కలిపి, టానిన్లు దానికి అంటుకున్నాక వడగట్టి మళ్లీ పరీక్షించాను. ఇంతకు ముందు నీలంగా నిలిచిన రెండు గుంతలు ఈసారి గులాబీ అయ్యాయి. అంటే బ్యాక్టీరియాను ఆపడానికి నాలుగు రెట్లు సారం కావాలన్నమాట. గైడ్ గారి అనుమానం చాలావరకు నిజమే. అయితే ఆ పొడి టానిన్లతో పాటు ఇతర ఫినాల్ పదార్థాలనూ కొంత లాక్కుపోతుంది కాబట్టి తప్పంతా టానిన్లదే అనడానికి లేదు. పోగా మిగిలిన బలం ఎవరిదో చూడాలని, ఆ సారాన్ని ఇప్పుడు సిలికా జెల్ నింపిన గొట్టం (కాలమ్) గుండా పంపి, అందులోని పదార్థాలను విడగొడుతున్నాను.