ఏడు పేర్లలో మిగతా ఆరుగురి పని

సొసైటీ రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు కావాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం పెట్టిన లెక్క అది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అదే నడుస్తోంది. అందుకే ఊళ్లో సాయంత్రం బడి నడపాలనో, పదో తరగతి పిల్లలకు స్టడీ అవర్లు పెట్టాలనో పూనుకున్న మనిషికి మొదటి పని ఆధార్ జిరాక్సులు పోగేయడం. భార్య, తమ్ముడు, బావమరిది, పక్కింటి మాస్టారు, ఇద్దరు స్నేహితులు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ఆ తర్వాత పనంతా ఒకరిది, మిగతా ఆరుగురివి సంతకాలు.

సంస్థ చిన్నగా ఉన్నన్నాళ్లు దీంతో ఇబ్బందేమీ కనిపించదు. విరాళాలు లక్షలు దాటాక, నెలనెలా గౌరవ వేతనం ఇవ్వాల్సిన టీచర్లు వచ్చాక, ఏదో కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధుల) వాళ్లు "మీ కార్యవర్గం మినిట్స్ (సమావేశాల రికార్డు) ఒకసారి చూపిస్తారా" అని అడిగిన రోజున డొల్లతనం బయటపడుతుంది. ఆ ఆరుగురూ జీతం లేకుండా వచ్చే మనుషులు. నెలకు మూడు నాలుగు గంటలకు మించి ఇవ్వలేరు. ఆ కాస్త సమయాన్ని ఎక్కడ పెడితే సంస్థకు పనికొస్తుందో చూద్దాం.

ముందు మనుషుల ఎంపిక. లెక్కలు చదవగలిగినవారు ఒకరు తప్పనిసరి. రిటైరైన బ్యాంకు ఉద్యోగి దొరికితే అదృష్టమే. దొరకకపోతే పొదుపు సంఘం నడిపిన మహిళ కావాలి. పదిమంది అప్పులూ వడ్డీలూ వాయిదాలూ పుస్తకంలో రాసి, నెలనెలా బ్యాంకులో లెక్క చెప్పిన మనిషి కన్నా మంచి కోశాధికారి మండలంలో దొరకడం కష్టం. ఎందుకో మనవాళ్లకు ఆ ఆలోచనే రాదు. పిల్లలను ఆ కేంద్రానికి పంపే తల్లి ఒకరు, అక్కడే చదివి ఇప్పుడు డిగ్రీలో ఉన్న కుర్రాడో అమ్మాయో ఒకరు, రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకరు ఉంటే కార్యవర్గానికి ఒక రూపు వస్తుంది. పదవిలో ఉన్న సర్పంచినో మండల నాయకుడినో కమిటీలోకి తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం. సమావేశానికి పిలవండి, సాయం అడగండి. పేరు మాత్రం రాయకండి. ఎన్నికలొచ్చినప్పుడు మీ బడి ఒక పార్టీ బడి అయిపోతుంది. సర్వీసులో ఉన్న ప్రభుత్వ టీచర్ల విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. చందాలు వసూలు చేయడానికి వాళ్ల నడవడి నియమాల ప్రకారం ముందస్తు అనుమతి ఉండాలి. ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ అంటోంది, కాబట్టి వాళ్లకు డబ్బిచ్చి పాఠం చెప్పించే ఆలోచన మానుకోవాలి.

బంధువులు ఉండకూడదని కాదు. బ్యాంకు ఖాతాకు సంతకాలు పెట్టే ముగ్గురూ ఒకే ఇంటివాళ్లయితే మాత్రం ఎంత నిజాయితీగా నడిపినా ఎవరూ నమ్మరు.

ఇక సమావేశం. మూడు నెలలకోసారి, గంటన్నర చాలు. వారం ముందు ఎజెండాతో పాటు రెండు కాగితాలు అందరికీ చేరాలి: ఒకటి డబ్బుల పేజీ, రెండోది పిల్లల పేజీ. సమావేశంలో కూర్చున్నాక కాగితాలు పంచితే గంటసేపు చదవడానికే సరిపోతుంది, నిర్ణయాలన్నీ "సరే, అలాగే కానిద్దాం" అన్న మాటతో ముగిసిపోతాయి. తేల్చాల్సిన అంశాలు ఎజెండాలో మొదట ఉండాలి, నివేదికలు చివర. మన సభల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. శాలువాలు, ఫొటోలు అయ్యేసరికి సగం మంది బస్సు టైమయిందని లేస్తారు, బడ్జెట్ అప్పుడు బయటికొస్తుంది.

మినిట్స్ పుస్తకానికి పేజీ నంబర్లు ముందే వేసి ఉండాలి. మధ్యలో ఖాళీ వదలకూడదు, సంతకాలు అక్కడికక్కడే పడాలి. పుస్తకాన్ని బైకు మీద ఇంటింటికీ తిప్పి సంతకాలు చేయించే అలవాటు చాలా చోట్ల ఉంది. జరగని సమావేశానికి సాక్ష్యం పుట్టించడమే అది. రేపు సభ్యుల మధ్య తగాదా వచ్చి ఎవరైనా జిల్లా కోర్టుకు వెళ్తే మొదట తెరిచేది ఆ పుస్తకాన్నే. తీర్మానంలో ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎంత ఖర్చుతో, ఏ తేదీలోపు అన్నవి ఉండాలి. "గ్రంథాలయం అభివృద్ధి చేయుటకు తీర్మానించడమైనది" అంటే ఏమీ తీర్మానించనట్టే. "జులై 31 లోపు 18,000 రూపాయలకు మించకుండా కథల పుస్తకాలు కొనాలి, బాధ్యత కార్యదర్శిది" అంటే తర్వాతి సమావేశంలో అడగడానికి పట్టు దొరుకుతుంది. వాట్సాప్ గ్రూపులో వేసిన బొటనవేలి బొమ్మలు ఓట్ల కిందికి రావు. అక్కడ అనుకున్నది తర్వాతి సమావేశంలో తీర్మానంగా రాసుకోవాలి.

డబ్బుల పేజీలో ఏముండాలో ఒక ఊహాత్మక లెక్కతో చెబుతాను. ఆరు సాయంత్ర కేంద్రాలు, ఒక్కోదానిలో 20 మంది, మొత్తం 120 మంది పిల్లలు. టీచరుకు నెలకు 5,000 చొప్పున 30,000. సమన్వయకర్తకు 15,000. పుస్తకాలు, చాక్‌పీసులు, చార్టులకు 6,000. ప్రయాణాలకు, ఫోన్లకు 3,000. ఆడిట్, రిటర్నులు, బ్యాంకు చార్జీల వంటివి ఏడాదికి 36,000 అనుకుంటే నెలకు 3,000. కలిపితే నెలకు 57,000, ఏడాదికి 6,84,000, ఒక్కో బిడ్డకు 5,700. కార్యవర్గంలో ప్రతి ఒక్కరికీ ఈ చివరి అంకె నోటికి రావాలి. దాత అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పగలగాలి.

ఆ పేజీలో అయిదు వరసలు చాలు: మొదటి నిల్వ, వచ్చింది, బడ్జెట్ ప్రకారం కావాల్సిన ఖర్చు పక్కన అయిన ఖర్చు, ఇంకా కట్టాల్సిన బిల్లులు, చివరి నిల్వ. దానికి బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయాలి. కోశాధికారి చెప్పిన నిల్వా, స్టేట్‌మెంట్‌లో నిల్వా సరిపోయాయో లేదో కోశాధికారి కాని ఇంకొకరు టిక్కు పెట్టాలి. పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు ఏళ్ల తరబడి ఎగ్గొట్టిన చోటే డబ్బు పోయిందన్న గొడవలు పుడతాయి, ఎక్కువసార్లు దొంగతనం వల్ల కాదు, ఓచరు రాయకపోవడం వల్ల. చేతిలో కనీసం మూడు నెలల ఖర్చు, పై లెక్కలో 1,71,000, ఎప్పుడూ ఉండాలి. అది రెండు నెలలకు తగ్గిందంటే ఎజెండాలో మొదటి అంశం అదే కావాలి.

వేసవి దగ్గర చాలా సంస్థలు బోల్తా పడతాయి. ఏప్రిల్ చివర్లో బడులు మూస్తారు, మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలో. ఆ నెలన్నరకు టీచర్లకు డబ్బు ఇస్తామా లేదా అన్నది జనవరిలోనే తేల్చాలి. ఇవ్వకపోతే మంచి టీచరు మే నెలలో వేరే పని చూసుకుంటుంది, జూన్‌లో కొత్త మనిషికి శిక్షణ మొదటి నుంచి ఇవ్వాలి. సగం ఇచ్చి, ఆ రోజుల్లో శిక్షణ, బోధన సామగ్రి తయారీ పెట్టుకోవడం నయం.

పన్నుల సంగతి ఆడిటరుదని వదిలేయకూడదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు. అందరి నోళ్లలో నానిన పాత నంబర్లతోనే చెబుతాను, కొత్తవి మీ ఆడిటరును అడిగి పక్కన రాసుకోండి. 12ఏ, అంటే సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్, ఉన్న సంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆశయాలకే ఖర్చుపెట్టాలి. 8 లక్షలు వస్తే 6,80,000. మార్చి చివరి వారంలో పెద్ద విరాళం వచ్చి పడితే ఆ నెలలోనే ఖర్చు చేయాలన్న తొందరలో పనికిరాని ట్యాబులు కొనేస్తారు. అక్కర్లేదు. ఫలానా పనికి అని కార్యవర్గం తీర్మానం చేసి, గడువులోపు ఫారం 10 దాఖలు చేస్తే అయిదేళ్ల వరకు దాచుకోవచ్చు. తీర్మానం లేకుండా ఆడిటరు ఏమీ చేయలేడు. దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ రసీదు విషయంలో నగదుగా 2,000 దాటి ఇచ్చిన విరాళానికి దాతకు మినహాయింపు రాదు. ఏడాదిలో వచ్చిన విరాళాల వివరాలను దాతల పాన్ నంబర్లతో మే 31 లోపు ఫారం 10బీడీలో పెట్టాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు. పాన్ డబ్బు తీసుకునే రోజే అడగాలి. మే నెలలో ఫోన్లు చేస్తే సగం మంది ఎత్తరు.

మన ఊళ్లకు ప్రత్యేకమైన గుంట ఒకటుంది: అమెరికా విరాళం. ఊరి కుర్రాడు డాలస్‌లో ఉంటాడు, బడికి ఏదైనా చేస్తానంటాడు. అతని చేతిలో ఇంకా భారతీయ పాస్‌పోర్టే ఉంటే, బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. అతను వాళ్ల నాన్న ఖాతాకు పంపి, ఆయన పేరుతో సంస్థకు ఇప్పించే దొడ్డిదారి కూడా వద్దు. ఆ రిజిస్ట్రేషన్ కోసం సంస్థకు సాధారణంగా మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో కార్యక్రమాల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. వచ్చాక ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తెరవాలి, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఆ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. చిన్న సంస్థకు ఈ బరువు అవసరమా అన్నది కార్యవర్గం నింపాదిగా ఆలోచించాలి. నన్నడిగితే ఆరు కేంద్రాల స్థాయికి అక్కర్లేదు.

సభ్యుల దుకాణంలో నోటు పుస్తకాలు కొనొచ్చా? కొనొచ్చు. ఆ సభ్యుడు సంగతి ముందే చెప్పాలి, మూడు కొటేషన్లు ఉండాలి, నిర్ణయం తీసుకునేటప్పుడు అతను బయటికి వెళ్లాలి, అదంతా మినిట్స్‌లో ఉండాలి. వ్యవస్థాపకుడి ఇంటి గదికి మార్కెట్ కన్నా ఎక్కువ అద్దె ఇస్తే పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది.

పిల్లల పేజీ మీద సాధారణంగా కనిపించేది హాజరు, ఫొటోలు. హాజరు కావాలి, కానీ నెల సగటు కాదు, వారం వారం. పత్తి తీతలప్పుడు, మిరప కోతలప్పుడు, సంక్రాంతి తర్వాత ఎంత పడిపోయిందో అప్పుడే కనిపిస్తుంది. రెండోది చదివే స్థాయి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి అసర్ సర్వేకు (గ్రామీణ పిల్లల చదువు స్థాయి సర్వే) వాడుతున్న పరీక్ష తెలుగులోనూ దొరుకుతుంది: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఒక్కో బిడ్డకు అయిదు నిమిషాలు. జులై మొదట్లో, డిసెంబరులో, మార్చిలో పెట్టి, ఏ స్థాయిలో ఎంతమంది ఉన్నారో పట్టికలో వేయాలి. అన్ని కేంద్రాల్లోనూ పదాల దగ్గర ఒక గుంపు ఆగిపోయి కనిపిస్తే చాలావరకు కారణం వత్తులు. "కమల", "పలక" గడగడా చదివే పిల్ల "పుస్తకం" దగ్గర నిలబడిపోతుంది. అప్పుడు కమిటీ అడగాల్సింది ఇంకా ఎన్ని కేంద్రాలు తెరుద్దామని కాదు, వత్తుల మీద టీచర్లకు రెండు రోజుల శిక్షణ ఎవరిస్తారని.

ఒకే పేరా మూడుసార్లూ వాడితే పిల్లలు కంఠతా పట్టేస్తారు, పట్టిక అందంగా తయారవుతుంది. వేర్వేరు నమూనాలు వాడండి. ఏడాదికి రెండుసార్లు ఒక సభ్యుడు చెప్పాపెట్టకుండా ఒక కేంద్రానికి వెళ్లి, రిజిస్టరులోంచి తానే అయిదుగురిని ఎంచుకుని, పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోవాలి. టీచరు ఎంచితే తెలివైనవాళ్లే వస్తారు.

ఆ సభ్యుడు అక్కడ చేయకూడనిది ఒకటుంది: టీచరుకు పని పురమాయించడం. "రేపటి నుంచి ఇంగ్లిషు కూడా చెప్పమ్మా" అని ఒకరు, "హోంవర్కు చేయిస్తే చాలు" అని ఇంకొకరు చెప్తే ఆ అమ్మాయి ఎవరి మాట వినాలి? ప్రశ్నలు ఎవరైనా అడగొచ్చు. పని చెప్పేది మాత్రం సమన్వయకర్త ఒక్కరే.

పిల్లల భద్రత కూడా ఏటా ఎజెండాలోకి రావాల్సిందే. కొత్తవాళ్లకు పోలీసు వెరిఫికేషన్, ఒంటరిగా ఒక బిడ్డతో తలుపు వేసిన గదిలో ఎవరూ ఉండకూడదన్న నియమం, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం లేకుండా ఫొటోలు బయట పెట్టకపోవడం. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే "ముందు మనలో మనం మాట్లాడుకుందాం" అనడానికి వీల్లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవారి విషయంలో సంస్థ బాధ్యుడు దాచిపెడితే ఏడాది వరకు జైలు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి కేంద్రం గోడ మీద ఉండాలి.

చివరగా అప్పగింతలు. సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు వెళ్లాలి. వెళ్లకపోతే కోశాధికారి మారినా బ్యాంకు సంతకం మార్చదు. ఖాతా నడపడానికి ముగ్గురిలో ఇద్దరి సంతకాలు, నెట్ బ్యాంకింగ్‌లో ఒకరు నమోదు చేస్తే ఇంకొకరు ఆమోదించే పద్ధతి పెట్టుకోండి. చందాల క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే కావాలి. ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్, దర్పణ్ పోర్టల్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైటు), బ్యాంకు అన్నీ వ్యవస్థాపకుడి సొంత ఫోన్ నంబరుకే ముడిపడి ఉంటాయి. ఆయన ఆసుపత్రిలో ఉన్న నెలలోనే రిటర్ను గడువు వస్తుంది, ఓటీపీ ఎవరికీ దొరకదు. సంస్థ పేరున సిమ్ ఒకటి, మెయిల్ ఒకటి తీసుకుని, అన్నిటికీ అదే ఇచ్చి, ఆ ఫోను కార్యదర్శి దగ్గర, పాస్‌వర్డ్ల కాగితం సీలు కవరులో కోశాధికారి దగ్గర ఉంచితే సరిపోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్, బైలాస్ (సంస్థ నియమావళి), పాన్ కార్డు, 12ఏ, 80జీ ఉత్తర్వులు ఎవరి బీరువాలో ఉన్నాయో మినిట్స్ పుస్తకం మొదటి పేజీలో రాసి, కార్యవర్గం మారినప్పుడల్లా ఆ పేజీ మళ్లీ రాయండి.