పాట అయ్యేదాకా ఆగు

"ఆ పాట అయ్యేదాకా కొంచెం ఆగుతావా?" అన్నారు మా ల్యాబ్‌లో సీనియర్. ఆవిడ కసురుకోలేదు, గొంతు కూడా పెంచలేదు. కానీ ఇక్కడ పన్నెండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, పనిలో తప్పు చేసినప్పుడు తప్ప నన్నెవరూ అలా ఆపలేదు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

అది 2025 జనవరి 25, శనివారం రాత్రి. న్యూజెర్సీలో ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో నాది నైట్ షిఫ్ట్. మాకు అర్ధరాత్రంటే విశాఖలో ఆదివారం ఉదయం పదిన్నర. నాన్న టిఫిన్ చేసి, పేపరు మడిచి పెట్టి, నా ఫోన్ కోసం చూసే వేళ. బ్రేక్ రూంలో స్పీకర్ ఆన్ చేసి, గాజువాక ఇంట్లో పై పోర్షన్ అద్దె గురించి మాట్లాడుతున్నాను. గోడ మీద టీవీలో 'సాటర్‌డే నైట్ లైవ్' వస్తోంది. 1975 నుంచి నడుస్తున్న కామెడీ షో అది. నా దృష్టిలో అది నవ్వుకోవడానికి పెట్టుకునే కార్యక్రమం. మధ్యలో పాట వస్తే అందరూ నోరు మూసుకోవాలని నాకు తట్టలేదు.

పాడుతున్నది తిమోతీ షాలమే. సినిమాలో అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ వేషం వేసి, రెండు రోజుల ముందే ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్న నటుడు. ఆ రాత్రి షో నడిపిందీ అతనే, పాటలు పాడిందీ అతనే. మామూలుగా ఆ రెండు పనులకీ వేరువేరు మనుషులుంటారు. పాడినవన్నీ డిలన్ పాటలే. అయితే ఊరందరికీ తెలిసినవి కావు. 1965 నాటిది ఒకటి, 1970 నాటిది ఒకటి, తరవాత మెల్లగా సాగే ఒక ప్రేమపాట. మీకు తెలియకపోవచ్చు, ఇవి నాకిష్టమైనవి అని ముందే చెప్పాడట. ఆవిడ నన్ను ఆపింది ఆ రెండో పాట దగ్గర. అది పాడినట్టుండదు, చెప్పినట్టుంటుంది. వీధి పైన ముగ్గురు దేవదూతలు బూరలు ఊదుతుంటారు, కింద జనం ఎవరి పనిలో వాళ్లు పోతుంటారు. ఆ సంగీతం ఎవరైనా వింటున్నారా అని చివర్లో అడుగుతుంది పాట. సరిగ్గా అప్పుడే నేను అద్దె రెండు వేలు పెంచమని నాన్నకి చెబుతున్నాను.

షిఫ్ట్ అయ్యేలోపు ఆవిడే నా దగ్గరికొచ్చి కాఫీ ఇచ్చారు. మనసు నొప్పించానా అని అడిగి, డిలన్ సంగతి చెప్పారు. 1961 జనవరిలో, పందొమ్మిదేళ్ల వయసులో, మిన్నెసోటా నుంచి న్యూయార్క్ వచ్చాడట. తను గురువుగా భావించిన జానపద గాయకుడు వుడీ గత్రీని చూడాలని. గత్రీ అప్పటికి హంటింగ్టన్ అనే నరాల జబ్బుతో మోరిస్ ప్లెయిన్స్‌లో గ్రేస్టోన్ పార్క్ హాస్పిటల్లో ఉన్నాడు. అది మా హాస్పిటల్ నుంచి కారులో అరగంట. మంచం మీదున్న పెద్దాయనకి ఆయన పాటలే పాడి వినిపించేవాడట ఆ కుర్రాడు. ఆ దారిలో నేను ఎన్నిసార్లు వెళ్లానో!

తరవాత ఆవిడ అడిగారు, "మీ వైపు ఇలాంటివాళ్లెవరు?"

ఎందుకు లేరు, వంగపండు ప్రసాదరావు అన్నాను. మా ఉత్తరాంధ్ర మనిషి, పార్వతీపురం వైపు. షిప్‌యార్డులో ఉద్యోగం చేస్తూనే పాటలు కట్టారు, 2020 ఆగస్టులో పోయారు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' అన్న ఆయన మాట ఎంత దూరం పోయిందంటే, ఏళ్ల తరవాత ఒక పెద్ద సినిమా డాన్స్ పాటలో కూడా వినిపించింది. యంత్రం ఎలా నడుస్తోందో చెప్పే ఆయన పాట గురించి కూడా చెప్పాను. మా నాన్న, ఆయన స్నేహితులు షిఫ్ట్ దిగొచ్చి అరుగు మీద కూర్చుని పాడేవారు. యంత్రం దానంతటది నడవదు, మనిషి కష్టం ఉంటేనే నడుస్తుంది. మా ల్యాబ్ యంత్రాలు, ఎనలైజర్ల మధ్య నిలబడి ఆ అర్థం చెబుతుంటే ఆవిడ కళ్లు మెరిశాయి. "పాడవా?" అన్నారు. పల్లవి పాడాను. చరణం రాలేదు.

ఇంటికెళ్లేటప్పుడు కారులో నాకు నేనే చెప్పుకున్నాను. మన దగ్గర పాట వినడమంటే నోరు మూసుకోవడం కాదు. బుర్రకథ చెబుతుంటే పక్కవాళ్లు వంత పాడకపోతే కథ ముందుకే పోదు. మా ఉత్తరాంధ్ర జానపద కళ జముకుల కథ దగ్గర పిల్లలు ఏడుస్తారు, ఆడవాళ్లు ముచ్చట్లు చెప్పుకుంటారు, చెప్పేవాడు మధ్యలో ఆగి చుట్ట వెలిగించుకుంటాడు. ఊ కొట్టేవాడే అసలైన శ్రోత. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం వీళ్ల మర్యాద, అది మన మర్యాద ఎందుకవ్వాలి? ఇది ఇప్పటికీ నిజమనే అనుకుంటున్నాను. మా ఊరి ఆ గోల తలుచుకుంటే ఈ బ్రేక్ రూం మరీ చల్లగా ఉంటుంది.

కానీ ఆ రాత్రి నేను ఊ కొట్టలేదు కదా. అసలు విననే లేదు. మన టీవీ కామెడీల్లో బుర్రకథ చెప్పేవాళ్ల వేషం వేసి, గొంతు వంకర చేసి నవ్విస్తుంటే చూశాను, నవ్వాను కూడా. ఇక్కడ ఈ కుర్రాడు షాలమే, కోవిడ్, హాలీవుడ్ సమ్మెల వల్ల సినిమా ఆలస్యమైతే, అయిదేళ్లు గిటారు, మౌతార్గాన్ నేర్చుకుని సొంత గొంతుతో పాడాడు. ఆస్కార్ ఓట్ల కోసమే అన్నవాళ్లున్నారు. ఓట్ల కోసమే అయితే అందరూ కలిసి పాడే పాటలు పాడేవాడు. ఎవరికీ గుర్తులేనివి ఏరుకున్నాడు చూడండి, అక్కడ నా మనసు ఆగింది. అలా ఏరుకోవాలంటే ఆ మనిషి పాటలన్నీ విని ఉండాలి. మా నాన్న పాడిన పాటలో నాకు పల్లవి దాటి రాదు.

మరుసటి ఆదివారం అద్దె మాట ఎత్తలేదు. "నాన్నా, ఆ యంత్రం పాట మొత్తం పాడవా" అన్నాను.

"ఏటిరా, ఇన్నాళ్లకి?" అన్నారు. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. టీవీ కట్టెయ్యమని అమ్మకి చెప్పడం వినిపించింది. తరవాత గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. నేను ఇటు వంత పాడాను. మా సీనియర్ బ్రేక్ రూం తలుపు దగ్గరే నిలబడిపోయారు, చేతిలో శాంపిల్ ట్రేతో, అడుగు కదపకుండా.

రెండు చరణాలు వచ్చాయి. మూడోది నాన్నకీ గుర్తు రాలేదు. షిప్‌యార్డు స్నేహితుడొకాయన ఇంకా మల్కాపురంలోనే ఉన్నారట, సాయంత్రం వెళ్లి అడిగొస్తానన్నారు.