బడికి ఏఐ కొనేముందు మూడో ఏడాది బిల్లు సంగతి

పర్లాకిమిడిలో మేమంతా చదువుకున్న ప్రభుత్వ పాఠశాలకు పూర్వ విద్యార్థుల సంఘం ఒకటి ఉంది. దాని జమాఖర్చులు చూసే పని కొన్నేళ్లుగా నా మీద పడింది. ఇంతకాలం ఫ్యాన్లు, బెంచీలు, మరుగుదొడ్ల మరమ్మతులు, తాగునీటి ట్యాంకు వంటి వాటికే చందాలు వచ్చేవి. ఇప్పుడు విశాఖపట్నం, హైదరాబాదు, అమెరికాలలో స్థిరపడిన మావాళ్లు ఫోను చేసి, బడిలో ఏఐ పెట్టిద్దామని, ఖర్చు తామే భరిస్తామని అంటున్నారు. మంచి మనసుతో అంటున్న మాటే. అయితే ఏ పరికరం, ఎవరి వాడకానికి, ఎన్నేళ్లకు, ఏ షరతుల మీద అని నేను అడిగితే ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. వారందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ పరికరాన్ని ఎంచుకోవాలి, దానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అన్నవి రెండు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, ప్రభుత్వ బడి విషయంలో అవి ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. సొమ్ము ఎవరిదైతే షరతులు వారివే అవుతాయి. ఏటేటా కట్టుకోగల స్తోమతు బడికో, జిల్లాకో, ప్రభుత్వానికో ఉన్నప్పుడే, పిల్లల సమాచారం బయటికి పోకూడదని, మా పిల్లల భాషలో తప్పు చేస్తే సరిదిద్దాల్సిందేనని నిలదీసి అడిగే అధికారం కొన్నవారికి ఉంటుంది.

మా ఊరి సంగతి తెలియనివారికి ఒక మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అందులోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. అందుచేత ఇప్పటికీ మా పిల్లల్లో చాలామందికి బడిలో పాఠం ఒడియా, ఇంట్లో మాట శ్రీకాకుళం తీరు తెలుగు. కొండల మీది గూడేల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండేవారికి ఇంటి భాష సవర. ఇటువంటి తరగతి గదిలోకి వచ్చే ఏ పరికరమైనా ముందు ఈ మూడు భాషల కలగలుపును తట్టుకోవాలి.

ఈ మధ్య ఒక సంస్థ ప్రతినిధి, పిల్లల చేత గట్టిగా చదివించి తప్పులు లెక్కగట్టే యాప్‌ను చూపించడానికి వచ్చారు. అయిదో తరగతి చదువుతున్న ఒక తెలుగింటి అమ్మాయిని కూర్చోబెట్టి ఒడియా పాఠం చదివించారు. ఒడియాలో అకారాన్ని పెదవులు గుండ్రంగా చుట్టి, ఇంచుమించు ఒకారంలా పలుకుతారు; ఇంటిని తెలిపే మాట వారి నోట 'ఘొరొ' అని వినిపిస్తుంది. ఆ అమ్మాయి అవే అక్షరాలను చూసి, తడుముకోకుండా, 'ఘర' అని చదివింది. అటువంటి ప్రతి మాట కిందా తెరమీద ఎర్ర గీత పడింది. చివరికి ఆ పిల్ల రెండో తరగతి స్థాయిలో ఉందని యాప్ తేల్చింది. పక్కనే నిలబడ్డ టీచరు, ఆమె ఒడియా మాతృభాషగా ఉన్నావిడే, 'చదవడం శుభ్రంగా వచ్చు, యాస మాత్రం తెలుగు' అన్నారు. తరువాత తెలుగు పాఠం పెట్టారు. 'చెప్పాడు' అని ఉన్నచోట ఆ అమ్మాయి మా ఇళ్లలో అందరూ పలికినట్టే 'సెప్పాడు' అంది. దానికీ ఎర్ర గీతే. మా ప్రాంతపు పిల్లల గొంతులతో యాప్‌కు శిక్షణ జరగలేదని ప్రతినిధి నిజాయితీగానే ఒప్పుకున్నారు. పెద్దల గొంతును పోల్చుకున్నంత బాగా పిల్లల గొంతును పోల్చుకోవడం ఈ యంత్రాలకు మామూలుగానే కష్టం. దానికి యాస తోడైతే ఫలితం ఇలాగే ఉంటుంది.

ఆ ఎర్ర గీతలతో వ్యవహారం అక్కడితో ఆగితే నాకు పెద్ద బెంగ లేదు. కానీ 'రెండో తరగతి స్థాయి' అన్న ముద్ర నివేదికలోకి ఎక్కి, క్లస్టర్ అధికారికి, అక్కడి నుంచి బ్లాకు కార్యాలయానికి వెళ్తుంది. అక్కడ కూర్చున్నవారికి పట్టిక కనిపిస్తుందే తప్ప పిల్ల నోరు వినిపించదు. చదువులో పిల్లల స్థాయిని తేల్చే ఏఐ వ్యవస్థలను ఐరోపా సమాఖ్య తన 2024 చట్టంలో అధిక ప్రమాదం ఉన్నవాటి జాబితాలో చేర్చడానికి కారణం ఇటువంటి భయమే. బడుల్లో పిల్లల ముఖాలు చూసి భావోద్వేగాలను పసిగట్టే ఏఐని ఆ చట్టం, వైద్య, భద్రతా కారణాలు మినహా, నిషేధించింది కూడా. మన దగ్గర ఆ చట్టం చెల్లదు గానీ, అందులోని జాగ్రత్తను మనం అరువు తెచ్చుకోవడానికి అడ్డేమీ లేదు.

పిల్లల భాష తెలుసుకుని ఆ తరువాత పాఠం తయారుచేయడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. (ఆయన నడిచిన వీధుల్లో కూర్చుని ఇంత పొడుగు వాక్యాలు రాస్తున్నందుకు వాడుకభాషా ప్రియులు నన్ను మన్నించాలి.) 2007లో ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర కూడా ఉంది. ఒక ఏఐ సంస్థ సవర పిల్లలున్న బడికి వచ్చి ఆ భాష ఊసే ఎత్తకపోతే, మిగతా సుగుణాలు ఎన్ని వర్ణించినా నేను చెవి ఒగ్గను.

ఇక పరికరం ఎవరి చేతిలో ఉండాలన్నది. ప్రశ్న వేస్తే జవాబు చెప్పే ఏఐని పిల్లలు నేరుగా వాడాలంటే కనీస వయసు 13 ఏళ్లు ఉండాలని యునెస్కో 2023లో విడుదల చేసిన మార్గదర్శకాలు సూచించాయి. ఆ లెక్కన ప్రాథమిక పాఠశాలలో అది టీచరు చేతి పనిముట్టుగానే ఉండాలి: ఒకే గదిలో రెండు మూడు తరగతులను కూర్చోబెట్టుకున్న టీచరుకు మూడు స్థాయిల అభ్యాసపత్రాలు తయారుచేసిపెట్టడం, ఒడియా పాఠంలోని కఠిన పదాలకు తెలుగు అర్థాలు వెతికిపెట్టడం వంటివి. తప్పు వస్తే పిల్లల దాకా పోకముందే టీచరు పట్టుకుంటారు. ఈ వాడకానికి ఖర్చు కూడా తక్కువ, ఎందుకంటే బడికి ఒకటో రెండో ఖాతాలు చాలు.

పై తరగతుల పిల్లలకు నేరుగా ఇచ్చే సాధనాల విషయంలో నాకు ఆశ లేకపోలేదు. ఢిల్లీలో కంప్యూటర్ మీద పాఠాలు నేర్పే మైండ్‌స్పార్క్ అనే కార్యక్రమాన్ని బడి వేళల తరువాత నడిచే కేంద్రాలలో పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. లాటరీ ద్వారా అవకాశం దక్కిన పిల్లలు నాలుగున్నర నెలల్లో దక్కనివారి కంటే గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కుల మధ్య మామూలుగా ఉండే ఎడాన్ని కొలిచే ప్రమాణం) మేర ముందుకు వెళ్లారు. అంత తక్కువ కాలానికి అది చెప్పుకోదగ్గ మెరుగుదల. అందులో కిటుకు యంత్రం ఆర్భాటంలో లేదు. పిల్ల ఏ తరగతిలో కూర్చున్నా, నిజానికి ఏ మెట్టు మీద ఉందో కనిపెట్టి అక్కడి నుంచి ప్రశ్నలు ఇచ్చింది, పక్కన సాయానికి మనిషి ఉన్నారు. దీనికి భిన్నంగా పెరూ దేశం లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వెలువడిన మూల్యాంకనంలో గణితంలో గానీ భాషలో గానీ మెరుగుదల కనబడలేదు. మా దాతల్లో సగంమంది ఆలోచన పెరూ దారిలోనే ఉంది.

డబ్బు సంగతికి వస్తాను. అసలు తిరకాసు ఇక్కడే. బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్షా కింద 31 నుంచి 100 మంది వరకు పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే సంయుక్త పాఠశాల గ్రాంటు 25,000 రూపాయలు. అందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకు పోవాలి. మిగిలిన 22,500లో సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్నాచితకా మరమ్మతులు. 60 మంది పిల్లలున్న బడికి ఒక యాప్ తలా 500 రూపాయల చొప్పున రుసుము పెట్టిందనుకుంటే 30,000 అవుతుంది. మొత్తం గ్రాంటు ఊడ్చిపెట్టినా చాలదు. అదే పథకంలో పై తరగతుల కంప్యూటర్ గదికి ఏర్పాటు ఖర్చుగా 6.40 లక్షల వరకు, ఆపైన ఏడాదికి 2.40 లక్షల చొప్పున అయిదేళ్లు నిర్వహణకు ఇచ్చే వీలుంది. కూడితే నిర్వహణ 12 లక్షలు, అంటే కొనుగోలుకు ఇంచుమించు రెట్టింపు. ప్రభుత్వపు కాగితమే ఈ నిష్పత్తిని ఒప్పుకుంటుంటే, దాతలు మాత్రం కొనుగోలు బిల్లు ఒక్కటే కట్టి ఫోటో దిగి వెళ్లిపోతారు. మూడో ఏడాది బిల్లు ఎవరు కడతారో చెప్పరు.

ఈ నిర్వహణలో కంటికి కనిపించని ఖర్చు ఒకటుంది. చాలా ఏఐ సేవలు మాటలను తునకలుగా విడగొట్టి, తునకకు ఇంత అని ధర కడతాయి. ఇంగ్లీషు కంటే తెలుగు, ఒడియా లిపుల్లోని మాటలు ఎక్కువ తునకలవుతాయి కాబట్టి అదే సంగతి అడగడానికి మన పిల్లలకు ఎక్కువ ఖర్చవుతుంది. కొత్త నమూనాల్లో ఈ తేడా తగ్గుతోంది, పూర్తిగా పోలేదు. అందువల్ల ధర చెప్పమన్నప్పుడు ఇంగ్లీషు లెక్క కాకుండా ఒడియాలో, తెలుగులో వాడితే ఎంతో రాసిమ్మనాలి. కరెంటు, నెట్‌వర్క్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాను ఎలా చీకట్లో ముంచిందో ఇక్కడివారెవరూ మరచిపోలేదు. నెట్ లేకపోయినా కొంత పని చేసే సాధనానికి మా కొండ ప్రాంతాల్లో మొదటి పీట వేయాలి.

ఖర్చు భయంతో ఉచితమైనది వెతుక్కుంటే, అక్కడ వేరే చిక్కు. యాప్ చూపించిన నాడు ఆ అమ్మాయి తల్లి అడిగిన మాట నాకు అన్ని మార్గదర్శకాల కంటే సూటిగా తోచింది: 'మా పిల్ల గొంతు ఆ ఫోన్లోకెల్లిపోనాది కదా బాబూ, మరి దాన్నేటి సేస్తారు?' 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన అంగీకారం తీసుకోవాలని, పిల్లల నడవడిని వెంటాడి గమనించకూడదని, వారికి గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని చెబుతుంది. ఉల్లంఘిస్తే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉంది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది గానీ, ఈ ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. పైగా విద్యా అవసరాల కోసం, పిల్లల భద్రత కోసం చేసే పరిశీలన విషయంలో విద్యాసంస్థలకు మినహాయింపు ఉంది. చట్టం వదిలిన ఆ సందును ఒప్పందంతో పూడ్చాలి: గొంతు నమూనాలు ఎన్నాళ్లు ఉంచుకుంటారు, వాటితో తమ యంత్రానికి శిక్షణ ఇస్తారా, ఒప్పందం ముగిశాక చెరిపేసినట్టు రుజువు చూపిస్తారా అని. పైసా కట్టని బడికి ఈ ప్రశ్నలు అడిగే చొరవ ఉండదు, అడిగినా అవతలివారికి జవాబు చెప్పే తొందరా ఉండదు.

ఒంటరి బడి బేరం ఆడలేదు, అది నిజమే. కాబట్టి పరీక్షించే పని బడిలో, కొనే పని జిల్లా లేదా రాష్ట్ర స్థాయిలో జరగాలన్నది నా వాదన. ప్రభుత్వ నిధులతో నడిచే దీక్ష (బడి పాఠాలకు), భాషిణి (భారతీయ భాషల అనువాదానికి) వంటి వేదికలను ముందు వాడి చూసి, అవి తీర్చలేని అవసరానికే ప్రైవేటు సరుకు వైపు పోవడం మేలు. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల నిర్వహణ కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. సాధనాన్ని పరీక్షించిన ఫలితాలను ఆ కమిటీ ముందు, వారికి అర్థమయ్యే భాషలో పెట్టకుండా సంతకాలు చేయించడం తప్పు. మూడొంతులంటే ఇక్కడ నాలుగింట మూడు. మా ఊళ్లో ఈ లెక్క మీద కూడా గొడవలు చూశాను.

సంఘం తరఫున నేను ప్రతిపాదిస్తున్నది ఇది. వచ్చిన విరాళంలో మూడోవంతుకు మించి యంత్రాలకు పెట్టవద్దు. మిగతాది అయిదేళ్ల కాలానికి డిపాజిట్ చేసి, దాని నుంచి నెట్ బిల్లు, బ్యాటరీల మార్పిడి, సాధనాన్ని పరీక్షించే టీచర్ల అదనపు పనికి గౌరవ వేతనం ఇద్దాం. డిపాజిట్‌కు శిలాఫలకం ఎక్కడ వేయిస్తారని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. కావాలంటే బ్యాటరీల మీద పేర్లు రాయిస్తానన్నాను. పూర్వ విద్యార్థుల సొమ్ముకు ప్రభుత్వం రెట్టింపు జతచేసే ఏర్పాటుతో 2017లో మో స్కూల్ అభియాన్ మొదలైంది కాబట్టి, ఇటువంటి విరాళానికి సర్కారు వాటా కూడా అడగడం ఈ రాష్ట్రంలో వింత కోరిక కాదు.

సాధనం విషయంలో మాత్రం, ముందు కొంతకాలం ప్రయోగంగా రెండు తరగతుల్లో, ఒడియా, తెలుగు, సవర ఇళ్ల పిల్లలు అందరూ ఉండేలా, టీచరు వేసిన మార్కుల పక్కనే యంత్రం వేసిన మార్కులు రాసి పోల్చాలి. తేడా ఏ ఇంటి పిల్లల దగ్గర ఎక్కువగా ఉందో విడిగా చూడాలి. ఆ కాలంలో పిల్లల పేర్లు యాప్‌లోకి ఎక్కించకూడదు, వరుస సంఖ్యలు చాలు. ఒప్పందం ముసాయిదాను దసరా సెలవుల్లో జరిగే సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాను. రాలేనివారు తమ అభ్యంతరాలను అంతకు వారం ముందే రాసి పంపితే, వాటిని కూడా చేర్చి హెడ్మాస్టరుగారికి అందజేస్తాను.