తిన్నావా, తిన్నాను, అమ్మకియ్యి

అక్టోబర్ 9, గురువారం

మొన్న మంగళవారమే విజయనగరంలో సిరిమానోత్సవం అయింది కదా, మా బడి పిల్లలు ఇంకా ఆ జాతరలోంచి బయటికి రాలేదు. అసెంబ్లీలో 'నేటి ప్రత్యేకత' చదవాల్సిన ఏడో తరగతి గుంట ఆవలింత ఆపుకుంటూ ఒక్క ఊపిరిలో చదివేసింది: నేడు ప్రపంచ తపాలా దినోత్సవం, 1874లో ఇదే రోజున స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 22 దేశాలు తపాలా ఒప్పందం చేసుకున్నాయి, జై హింద్. రోజూ ఇంతే. ఏదో ఒక దినోత్సవం, చప్పట్లు, లైన్లో లోపలికి.

సోషల్ చెప్పేవాణ్ణి, ఊరుకోలేను. బ్రాంచి పోస్టాఫీసులో అర్ధరూపాయి పోస్టుకార్డులు ముందే కొనిపెట్టుకున్నాను. "ఇవింకా వస్తున్నాయా మాస్టారూ" అని సైన్స్ మేడం నవ్వారు. వస్తున్నాయి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు గానీ కార్డు జోలికి ఎవరూ రాలేదు. 1869లో ఆస్ట్రియా-హంగరీలో మొదటి కార్డు వేశారు, పదేళ్లకి, 1879లో, మన దేశానికీ వచ్చింది.

ఏడో తరగతిలో పంచి, దూరంలో ఉన్న మీవాళ్లకి ఎవరికైనా రాయండి అన్నాను. ఒకడు లేచి "పోస్టాయన చదివేస్తాడు కదండీ" అన్నాడు. చదివితే చదవనీరా, నీ దగ్గర అంత రహస్యం ఏముంది అంటే క్లాసంతా నవ్వింది. అసలు చిక్కు అడ్రస్ దగ్గర వచ్చింది. ఈ పక్క ఊళ్లలో సగం ఇళ్లలో తండ్రులు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో బిల్డింగ్ పనుల్లో ఉంటారు. నాన్న నంబరు పది అంకెలూ నిద్రలో లేపి అడిగినా చెప్పే పిల్లలకి నాన్న ఏ వీధిలో ఉంటాడో తెలీదు. ఒకడికోసం మధ్యాహ్నం భోజనాలప్పుడు నా ఫోన్ నుంచే చేస్తే, వాళ్ల నాన్న "మాకు అడ్రస్సేటి మాస్టారూ, షెడ్లో ఉంటాం కదా" అన్నాడు. చివరికి సూపర్‌వైజర్ రూము అడ్రస్ చెప్పి, పిన్‌కోడ్ పక్కనున్న మనిషిని అడిగి మరీ చెప్పాడు.

"ఏటి రాయాలో తెల్దండి" అని ఇంకో గోల. ఫోన్లో రోజూ మాట్లాడతారు కదా, అవే రాయండన్నాను. వాళ్ల ఫోన్ సంభాషణ నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే: తిన్నావా, తిన్నాను, బడికెళ్లావా, వెళ్లాను, అమ్మకియ్యి. కార్డు మీద అది రెండు లైన్లు కూడా నిండదు, ఇంకా బోలెడు ఖాళీ మిగుల్తుంది, అప్పుడు పెన్సిల్ నోట్లో పెట్టుకుని ఆలోచిస్తారు. షెడ్డు తండ్రి కొడుకు రాసింది చూశాను. "నువ్వెళ్లిన రాత్రే గేదె ఈనింది. దూడ నల్లగా ఉంది, నుదుట తెల్ల మచ్చ. జాతరలో కొన్న చెప్పులు బిగుతుగా ఉన్నాయి." ఇప్పుడే కదరా ఫోన్లో మాట్లాడావు, చెప్పులు బిగుతని చెప్పలేదేం అంటే, "అడగలేదండి" అన్నాడు.

ఆరో పీరియడ్‌లో ఉండగా అక్క మెసేజ్: "అర్జెంట్. ఫోన్ చెయ్." చేస్తే ఎంగేజ్. మళ్లీ చేస్తే ఎత్తదు. అమ్మకి బీపీ ఉంది, బావగారు బండి మీద తిరిగే మనిషి, నా టెన్షన్ ఎంత దాకా పోవాలో అంతా పోయింది. మా చిన్నప్పుడు టెలిగ్రాం వస్తే ఇంట్లోవాళ్లు విప్పకముందే ఏడుపు మొదలుపెట్టేవారు, అచ్చం అలాగే. కానీ అప్పుడు మాటకింత అని డబ్బు కట్టేవారు, అందుకని నాలుగు మాటల్లో కుదించేవారు, అయినా 'తల్లి సీరియస్, వెంటనే రా' అని విషయం ఉండేది అందులో. టెలిగ్రాఫ్ తయారుచేసిన అమెరికా చిత్రకారుడు మోర్స్‌కి ఆపాటి కబురు కూడా సమయానికి అందలేదు. 1825లో ఆయన వాషింగ్టన్‌లో బొమ్మ గీసే పని మీద ఉండగా న్యూ హేవెన్‌లో భార్య పోయింది, ఉత్తరం చేరి ఆయన ఇల్లు చేరేసరికి పూడ్చడం కూడా అయిపోయింది. తర్వాత 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి తీగ మీద కబురు పంపింది ఆయనే. మన దగ్గర 2013 జూలైలో టెలిగ్రాం మూసేశారు. ఇప్పుడు మాటకి పైసా ఖర్చు లేదు, మా అక్క మాత్రం ఇంకా రెండు ముక్కల్లోనే పంపుతుంది, ఉన్న ఆ రెండిట్లో అసలు సంగతి ఉండదు.

బెల్లయ్యాక ఎత్తింది. సిరిమాను ఫొటోలు కావాలట, స్టేటస్ పెట్టుకోవడానికి.

"ఇక మీదట ముందు సంగతి రాసి, తర్వాత అర్జెంటో గిర్జెంటో రాయవే" అన్నాను. "నువ్వు పిల్లలకి చెప్పుకో పాఠాలు" అని పెట్టేసింది.

సాయంత్రం కార్డులు డబ్బాలో వేశాం. రేపు జాతీయ తపాలా దినోత్సవం కాబట్టి ఎనిమిదో తరగతి వాళ్లు మాకూ కావాలని పట్టుబట్టారు. బ్రాంచిలో స్టాకు అయిపోయింది, పొద్దున్నే టౌన్‌లో హెడ్ పోస్టాఫీసు మీదుగా రావాలి. ఈసారి పిల్లల్ని అడ్రస్‌లు ఇంటి దగ్గరే అడిగి రాసుకు రమ్మన్నాను.