నడుమ గీత ఉన్న నోటుబుక్కు

"మిరపకాయ ఎక్కడిది?"

గుంటూరు చేరిన రెండో రోజు సాయంత్రం బ్రాడీపేటలోని మా ఇంటి వరండాలో మా నాన్న పిల్లల్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది. పదేళ్ల మా అబ్బాయి క్షణమైనా ఆలోచించలేదు. "గుంటూరుది తాతయ్యా!" అన్నాడు. వాడు అలా అనడంలో వింత లేదు. ఆ మధ్యాహ్నమే మిర్చి యార్డు పక్కనుంచి ఆటోలో వస్తూ ఆపకుండా తుమ్మాడు. సీజను అయిపోయినా, కోల్డు స్టోరేజీల నుంచి వచ్చే టిక్కీల (మిర్చి బస్తాల) ఘాటు ఆ గాలిని వదలదు. పదమూడేళ్ల అమ్మాయి మాత్రం పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "మెక్సికో" అంది.

అక్కడే ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న మా అమ్మ చేయి ఆగిపోయింది. "మన మిరపకాయ మనది కాకపోవడమేమిటి?" అని నాన్న వైపు చూసింది.

"పిల్ల చెప్పింది నిజమే" అన్నారు నాన్న. "1492లో కొలంబస్ అటు వెళ్లేదాకా మిరపకాయ అమెరికా ఖండాలు దాటి రాలేదు. ఆ తరువాత పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరింది. అంతకుముందు మన తాతముత్తాతలకు కారమంటే మిరియాలే."

మా అమ్మాయి లండన్‌లో తన బడి క్విజ్ జట్టులో ఉంది. జవాబు చెప్పడం, సరైనదనిపించుకోవడం, తరువాతి ప్రశ్నకు వెళ్లిపోవడం దానికి అలవాటు. ఇక్కడ మాత్రం తన ఒక్క మాటకు అమ్మమ్మ ముఖం చిన్నబోయింది. అది చూసి పుస్తకం మూసేసి, "కానీ అమ్మమ్మా, ఇంత కారం మెక్సికోలో ఎవరూ తినరేమో" అంది. నాన్న లోపలికి వెళ్లి ఒక పాత నోటుబుక్కు తెచ్చారు. పేజీ నడుమ నిలువుగా గీత గీసి, ఎడమ పక్కన 'తెలిసినది', కుడి పక్కన 'అనుకుంటున్నది' అని రాశారు. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి వచ్చిందన్నది ఎడమవైపు రాశారు. మిరియం మాట నుంచే మిరపకాయ పేరు పుట్టి ఉంటుందన్నది కుడివైపు చేరింది. "ఇంత కారం మెక్సికోలో ఎవరూ తినరు" అనే మనవరాలి మాటనూ వదలకుండా కుడివైపే రాశారు.

ఆ నోటుబుక్కు నాకు ఎందుకంత నచ్చిందో చెప్పాలి.

నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు. కరెంటు పోయినప్పుడల్లా ఈ వరండాలోనే నన్నూ అన్నయ్యనూ కూర్చోబెట్టి జనరల్ నాలెడ్జి ప్రశ్నలు అడిగేవారు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా అని, అన్నిటికన్నా ఎత్తైన జలపాతం వెనిజులాలోని ఏంజెల్ జలపాతమని నేను నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అదే నేను అమరావతి శిల్పాలను కళ్లారా చూసింది పెళ్లయి లండన్ వెళ్లాక, బ్రిటిష్ మ్యూజియంలో. మా ఊరి నుంచి బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రాగలిగేంత దగ్గరలోని స్తూపం అది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించిన రాళ్లు మద్రాసు మీదుగా లండన్ చేరి, 1880లో ఆ మ్యూజియంలోకి వెళ్లాయి. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉంది. ఆ గాజు గది ముందు నిలబడి, నాకు వెనిజులా తెలిసి ఇది తెలియకపోవడమేమిటని చాలా బాధపడ్డాను.

ఆ బాధే పిల్లలు పుట్టాక ఆత్రంగా మారింది. మనవాళ్లు కనిపెట్టారని, మనదే మొదటిదని ఎవరు ఏది పంపినా పిల్లలకు చదివి వినిపించేదాన్ని. యునెస్కో మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోకెల్లా గొప్పదిగా ప్రకటించిందన్న కబురు కూడా అలాగే ఫోనులో వచ్చింది. నేను చెప్పాను, మా అమ్మాయి నమ్మింది. తరగతిలో నిలబడి చెప్పింది. ఎక్కడ చదివావని టీచరు మర్యాదగానే అడిగారు. ఇంటికొచ్చి వెతికితే అది పచ్చి అబద్ధం. "అమ్మా, నువ్వు చెప్పావని చెప్పాను" అని అది ఏడ్చింది. ఆ తరువాత చాలా నెలలు నేను మన దేశం గురించి ఏది చెప్పినా, పిల్ల కళ్లలో చిన్న అనుమానం కనిపించేది. అబద్ధపు గొప్ప ఒక్కటి చెబితే పిల్లలకు పది నిజాల మీద నమ్మకం పోతుందని నాకు అప్పుడే తెలిసింది. కాబట్టి ఆ వరండాలో నాన్న గీసిన గీత నాకు ఊరికే గీసినట్టు అనిపించలేదు.

కోహినూరు వంతు వచ్చేసరికి రాత్రి భోజనాలయ్యాయి. దాన్ని మా పిల్లలు చూశారు. లండన్ టవర్‌లో కదిలే బాట మీద నిలబడితే, కిరీటాల ముందు నుంచి మనల్ని మెల్లగా లాక్కుపోతుంది. "అది మన జిల్లాదేనట కదా తాతయ్యా?" అని అబ్బాయి అడిగాడు. నాన్న కలం తీశారు. కృష్ణ ఒడ్డున కొల్లూరులో వజ్రాల గని ఉండేది, 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు దాన్ని స్వయంగా చూసి రాశాడు, ఇప్పుడు ఆ చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది: ఇవి ఎడమవైపు. కోహినూరు ఆ గనిలోనే దొరికిందన్నది కుడివైపు. "నాదిర్‌షా 1739లో ఢిల్లీని కొల్లగొట్టాక గానీ దాని జాడ కాగితాల మీద తిన్నగా కనిపించదు నాన్నా. అంతకుముందుది మనం నమ్మేది" అన్నారు.

"మరి ఇంగ్లండు వాళ్లకు మనం ఇచ్చామా, వాళ్లు తీసుకున్నారా?"

నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. 1849లో పంజాబును ఓడించి కంపెనీ వాళ్లు రాయించుకున్న లాహోరు ఒప్పందంలో, వజ్రాన్ని విక్టోరియా రాణికి అప్పగించాలని ఒక షరతు ఉందని చెప్పారు. సంతకం పెట్టిన మహారాజు దులీప్ సింగ్ వయసు అప్పుడు పదేళ్లని చెప్పారు.

"నా అంతవాడా?" అన్నాడు మావాడు.

"నీ అంతవాడే."

"వాళ్ల అమ్మ పక్కన ఉందా?"

లేదు. ఆమెను అప్పటికే కొడుకు నుంచి వేరుచేసి పంపేశారు. నాన్న ఆ మాట చెప్పగానే వాడు జరిగి నా పక్కన కూర్చున్నాడు. ఇచ్చారా, తీసుకున్నారా అన్న ప్రశ్నకు ఏ వైపు ఏం రాయాలో వాణ్నే రాయమన్నారు నాన్న. వాడు ఎడమవైపు, వంకర తెలుగు అక్షరాలతో, 'సంతకం పెట్టిన అబ్బాయికి 10 ఏళ్లు' అని రాశాడు. అంతకన్నా బాగా నేను రాయలేను.

మర్నాడు అమ్మాయి అమ్మమ్మ దగ్గర కూర్చుని తొడిమలు తీసింది. పావుగంటకే వేళ్లు మండిపోతున్నాయని కుళాయి దగ్గరికి పరుగెత్తింది. ఎంత కడిగినా తగ్గలేదు. అమ్మ నవ్వుతూ కొబ్బరినూనె రాసి, బట్టతో తుడిచి, మళ్లీ రాసింది. మంట సద్దుమణిగాక పిల్లకు సందేహం వచ్చింది: నీళ్లకు పోనిది నూనెకు ఎలా పోయింది? కారానికి మూలమైన కాప్సాయిసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ సంగతి దానికి సైన్సు పాఠంలో అందలేదు, అమ్మమ్మ చేతుల్లో అందింది. మంట కూడా నిజమైన మంట కాదు. ఒంట్లో వేడిని పసిగట్టే నరాల మీది గ్రాహకానికే కాప్సాయిసిన్ అతుక్కుంటుంది, మెదడు కాలిందని అనుకుంటుంది. దాన్ని కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పక్షుల గ్రాహకం మాత్రం కాప్సాయిసిన్‌కు స్పందించదట. అందుకే చిలుక పండు మిరపకాయను జామపండులా తింటుందని నాన్న చెబితే, అబ్బాయి ఒప్పుకోలేదు. "నేను చూడలేదు, కుడివైపు రాయండి" అన్నాడు. నాన్న అలాగే రాశారు.

విజయవాడ వెళ్లిన రోజున నోటుబుక్కు వెంట తీసుకెళ్లాం. 1921లో అక్కడ కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య తన జెండాను గాంధీజీకి ఇచ్చారు. అందులో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ. తెలుపు చేర్చమన్నది గాంధీజీ. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో చరఖా స్థానంలో ధర్మచక్రం వచ్చింది. జెండా ఒక్కరి చేతిలో పూర్తయిందని చెబితే పిల్లలకు గుర్తుంచుకోవడం తేలిక. కానీ ఇన్ని చేతులు పడ్డాయని తెలిశాక మా అమ్మాయి జెండా బొమ్మను మూడు రకాలుగా గీసింది, అదే నాకు ఎక్కువ నచ్చింది. ఆటల సంగతి బస్సులోనే అయిపోయింది: కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ కావడం, మా గుంటూరు శ్రీకాంత్ 2017లో ఒకే ఏడాది బ్యాడ్మింటన్‌లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలవడం. రెండూ ఎడమవైపే, వాదన లేదు.

ప్రకాశం బ్యారేజీ మీద మాత్రం గంటకు పైగా ఉన్నాం. ఆగస్టు, పైనుంచి వరద. గేట్లెత్తారు. నీళ్లు ఎర్రగా, చెవులు గింగురుమనేలా దూకుతున్నాయి. 70 గేట్లని నాన్నకు తెలుసు. అయినా చెప్పలేదు, పిల్లల్ని లెక్కపెట్టుకోమన్నారు. అబ్బాయికి 68 వచ్చింది, అమ్మాయికి 71. తిరుగు దారిలో ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని, పైకి లెక్కపెడుతూ నడిచారు. ఎదురుగా వచ్చిన మనిషి ఒకాయన కూడా ఆగి వాళ్లతో పాటు "నలభై మూడు, నలభై నాలుగు" అంటూ కొంత దూరం వచ్చాడు. 70 దగ్గర ముగ్గురూ కలిసి అరిచారు.

నోటుబుక్కు ఇప్పుడు లండన్‌లో మా వంటింటి కిటికీ దగ్గర ఉంది. ఇక్కడి పార్కుల్లో ఆకుపచ్చ చిలుకలు గుంపులు గుంపులుగా ఉంటాయి. గుంటూరులో జామచెట్టు మీద వాలే రామచిలుకల జాతే. పెంపుడు పంజరాల నుంచి తప్పించుకున్న చిలుకల సంతానమట. మా పెరట్లో వేరుసెనగ గింజలకు రోజూ వస్తాయి. ఊరి నుంచి వచ్చిన రెండో వారం మావాడు వీధి చివరి దుకాణంలో పండు మిరపకాయలు కొనిపించుకుని, దారంతో గింజల డబ్బా పక్కన కట్టాడు. నాలుగు రోజులు ఏదీ ముట్టలేదు. రోజూ బడికి వెళ్లే ముందు చూసి, వచ్చాక చూసేవాడు.

అయిదో రోజు శనివారం. పొద్దున్నే వాడి కేక వినిపించి కిందికి పరుగెత్తాను. చిలుక ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో మిరపకాయను పట్టుకుని, తోలు చీల్చి గింజలు తింటోంది. వాడు అప్పటికే ఫోను చేసేశాడు. గుంటూరులో మధ్యాహ్నం పన్నెండున్నర. నాన్న అన్నం తింటున్నట్టున్నారు, ఫోను అమ్మ పట్టుకుంది.

"తింటోంది తాతయ్యా! గింజలతో సహా!"

"కళ్లకు నీళ్లొస్తున్నాయా దానికి?" అని అమ్మ అడిగింది.

"లేదు అమ్మమ్మా. అస్సలు లేదు. తాతయ్యా, ఇది ఎడమవైపు మార్చేయనా?"

"నువ్వు చూశావు కదా" అన్నారు నాన్న. "మార్చు. కిందే తేదీ వెయ్యి."