మిర్రర్‌లో ఒక డిస్క్ పోతే ముందు చూడాల్సింది రెండోదాన్ని

లినక్స్‌లో రెయిడ్ 1 (ఒకే డేటాని రెండు డిస్కుల మీదా ఉంచే మిర్రర్) పెట్టుకున్నాక ఎప్పుడో ఒకప్పుడు డిస్క్ పోయిందని మెయిల్ వస్తుంది, ఇంక చాలామంది ఆ పోయినదాని మీదే పడతారు, తీసేద్దాం కొత్తది పెడదాం రీబిల్డ్ (కొత్తదాని మీదకి డేటా మళ్లీ కాపీ చెయ్యడం) కొట్టేద్దాం అని. కానీ అప్పుడు అసలు ప్రమాదంలో ఉన్నది మిగిలిన డిస్క్. డేటా మొత్తం ఇప్పుడు దానొక్కదాని మీదే ఉంది, పైగా రీబిల్డ్ అంటే దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవడమే కదా, చాన్నాళ్లుగా ఎవరూ చదవని సెక్టార్ (డిస్క్ మీది చిన్న ముక్క) ఏదైనా పాడైపోయి ఉంటే సరిగ్గా అప్పుడే బయటపడుతుంది. అందుకే ముందు ముఖ్యమైనవన్నీ వేరే చోటికి కాపీ చేసేసుకోండి, మిగతాదంతా ఆ తర్వాతే.

ప్రాక్ ఫోల్డర్ కింద, మిర్రర్ స్థితి చూపించే ఎండీస్టాట్ ఫైల్ తెరిస్తే బ్రాకెట్లలో రెండు యూలు ఉండాలి, ఒక యూ పోయి అండర్‌స్కోర్ కనిపిస్తే మిర్రర్ ఒంటికాలి మీద నడుస్తోందన్నమాట. ఎందుకు పోయిందో డీమెసేజ్‌లో, అంటే కెర్నల్ సందేశాల్లో ఉంటుంది. తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపించే స్మార్ట్‌సీటీఎల్‌తో రెండు డిస్కులూ చూడండి, రెండూ. హార్డ్ డిస్క్ అయితే 5, 197, 198 నంబర్ల విలువలు పెరుగుతుంటే ప్లాటర్ (డేటా ఉండే పళ్లెం) మీదే సెక్టార్లు పోతున్నాయి. అవి సున్నాలుగానే ఉండి 199 మాత్రం పెరుగుతుంటే అనుమానం కేబుల్ మీదకి, కనెక్టర్ మీదకి వెళ్లాలి, డిస్క్ బానే ఉండొచ్చు. కేబుల్ మార్చి రీ-యాడ్ చేస్తే (అదే డిస్కుని మళ్లీ చేర్చితే), బిట్‌మ్యాప్ (ఏ బ్లాకులు మారాయో గుర్తుపెట్టుకునే పట్టిక) ఉంటే గనక, మధ్యలో మారిన బ్లాకులు మాత్రమే సింక్ అవుతాయి, చాలా త్వరగా అయిపోతుంది.

ఇంకొకటుంది, దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. మామూలు డెస్క్‌టాప్ డిస్కులు చాలావరకు ఒక చెడ్డ సెక్టార్ దొరికితే నిమిషం దాటినా పట్టు వదలకుండా దాన్నే చదవాలని చూస్తాయి, కెర్నల్ మాత్రం డీఫాల్ట్‌గా 30 సెకన్లే ఆగి లింక్ రీసెట్ చేస్తుంది. మామూలుగా అయితే రీడ్ ఎర్రర్ వస్తే ఎండీ (మిర్రర్‌ని నడిపే కెర్నల్ భాగం) రెండో డిస్క్ నుంచి చదివి ఆ సెక్టార్‌లో మళ్లీ రాసేస్తుంది, పని సాఫీగా అయిపోతుంది, కానీ డిస్క్ ఇంకా జవాబే ఇవ్వని స్థితిలో ఉంటే ఆ రాయడం కూడా ఫెయిలై, ఒక్క సెక్టార్ కోసం మొత్తం డిస్కునే బయటికి నెట్టేస్తుంది. డిస్క్ ఎస్‌సీటీ ఈఆర్‌సీ (చెడ్డ సెక్టార్ మీద ఎంతసేపు ప్రయత్నించాలో పరిమితి పెట్టే సదుపాయం) సపోర్ట్ చేస్తే స్మార్ట్‌సీటీఎల్‌తో రీడ్‌కీ రైట్‌కీ 70 పెట్టండి, అంటే 7 సెకన్లు. చెయ్యకపోతే సిస్ ఫోల్డర్ కింద ఆ డిస్క్ టైమౌట్‌ని 180 సెకన్లకి పెంచండి. రెండూ రీబూట్ తర్వాత నిలబడతాయని నమ్మకం పెట్టుకోవద్దు, బూట్ స్క్రిప్ట్‌లో పెట్టేయండి.

డిస్క్ పీకే ముందు సీరియల్ నంబర్ చూసుకోవాలి. డిస్కులకి లినక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు రీబూట్‌కి అటూ ఇటూ అవుతాయి, బై-ఐడీ ఫోల్డర్‌లో ఉన్న నంబరూ డిస్క్ లేబుల్ మీదున్నదీ కలిస్తేనే ముట్టుకోండి. పాతది ఎర్రర్లిస్తున్నా ఇంకా అరేలోనే (డిస్కుల జట్టులోనే) ఉంటే దాన్ని ఫెయిల్ చెయ్యకండి, కొత్తది స్పేర్‌గా చేర్చి ఈ మిర్రర్లని నడిపే కమాండ్ ఎండీఆడమ్‌లో రీప్లేస్ వాడండి, కాపీ పూర్తయ్యేదాకా పాతది కూడా మిర్రర్‌లోనే ఉంటుంది. అరే లేవకపోతే ఎవరో చెప్పారని క్రియేట్ కమాండ్ మాత్రం కొట్టొద్దు, పాత మెటాడేటా (అరే వివరాలు) మీద కొత్తది రాసేస్తుంది, అసెంబుల్‌తోనే ప్రయత్నించాలి. బూట్ డిస్క్ అయితే కొత్తదాని మీద గ్రబ్ (బూట్ లోడర్) కూడా వెయ్యాలి, లేకపోతే తర్వాత మిర్రర్‌లోని ఆ రెండో డిస్క్ పోయిన రోజు మెషిన్ బూటే అవ్వదు.

నెలకోసారి చెక్ (రెండు కాపీలూ పోల్చి చూడటం) నడపండి, డెబియన్‌లో ఎండీఆడమ్ ప్యాకేజీ దాన్ని తనే పెట్టేస్తుంది. మిస్‌మ్యాచ్ కౌంట్ సున్నా రాలేదని కంగారుపడక్కర్లేదు, మిర్రర్ మీద స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే జాగా) ఉంటే అలా రావడం మామూలే. కానీ నిజంగానే రెండు కాపీలు తేడాగా ఉంటే ఏది కరెక్టో ఎండీకి తెలిసే దారి లేదు, చెక్‌సమ్ (డేటా సరిగ్గా ఉందో లేదో తేల్చే సంఖ్య) ఉండదు కాబట్టి. అది కావాలనుకుంటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ జెడ్‌ఎఫ్‌ఎస్ గానీ, అలాంటి ఫైల్‌సిస్టమ్ చూడాల్సిందే.